ఆవర్జాలో క్రొత్త పేరు: యంత్ర గుమాస్తాపై ఒక విమర్శ

పూర్వము మన దుకాణములలో ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగుపాటి పద్దు పుస్తకములు ఉండెడివి. చిట్టాలో ఏనాటి బేరములు ఆనాడు వ్రాసెడివారు. ఆవర్జాలో ఒక్కొక్క ఆసామి పేర ఒక్కొక్క పుట ఉండెడిది. క్రొత్త ఆసామికి ఆవర్జాలో పుట తెరచుట గుమాస్తా ఒక్కని వలన అగు పని కాదు. అతడు యజమానిని అడుగవలెను. ఆ మనిషి ఎవరు, ఏ యూరు, ఎవరి ద్వారా వచ్చెను అని యజమాని విచారింపవలెను. అటుపిమ్మట గాని కలము కదలదు. ఈ ఆలస్యమునకు ఎవరును పేరు పెట్టలేదు గాని, పెక్కు దుకాణములను నిలువబెట్టినది అదియే అని నా అభిప్రాయము.

నేడు ఆవర్జా కంప్యూటరులోనికి పోయినది. టాలీ వాడువారు తమకు సరకు పంపు వర్తకుని ‘సండ్రీ క్రెడిటర్స్’ క్రింద ఒక లెడ్జరుగా తెరచుచున్నారు. మన దేశముననే పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అను సాఫ్ట్‌వేరులో ‘సప్లయర్’ అని వేరే పత్రము కలదు. ఇటీవలి కొన్ని యేండ్లలో ఇట్టి లెక్కల సాఫ్ట్‌వేరులకు కృత్రిమ మేధతో పనిచేయు సహాయకుడు తోడైనాడు. ‘ఈ బిల్లు పంపినవారిని మన లెక్కలలో చేర్చుము’ అని ఒక వాక్యము వ్రాసి, బిల్లు యొక్క ఛాయాచిత్రమును చూపినచో చాలును. పేరు, ఊరు, పన్ను సంఖ్య తానే చదివికొని పుట తెరచును. ఈ పనిముట్టు మంచిదా, చెడ్డదా అని అడుగుట కంటె, అది ఏ పనిని సులభము చేసినది, ఏ పనిని మానివేసినది అని అడుగుట మేలు. అట్లు అడిగి చూచుటయే ఈ వ్యాసము పని.

మొదట ఇది ఎట్లు పనిచేయునో తెలిసికొందము. దీనిలోని భాషా నమూనా ఆవర్జాను తాకనే తాకదు. దానికి చేతనైనది మాటల వెంట మాటలు వ్రాయుట మాత్రమే. ‘సరఫరాదారుని చేర్చుము, పేరు ఇది, పన్ను సంఖ్య ఇది, ఊరు ఇది’ అని నియమితమైన రూపములో అది ఒక చీటీ వ్రాసి ఇచ్చును. ఆ చీటీని అందుకొని ఆవర్జాలో నిజముగా వ్రాయునది మరియొక సామాన్యమైన ప్రోగ్రాము. అనగా ఒకడు కండ్లు మూసికొని చీటీ వ్రాయును, ఒకడు నోరు మూసికొని దానిని అమలు జరుపును. ఈ చీటీలు ఏ రూపమున ఉండవలెనో అందరికిని ఒకే పద్ధతి ఏర్పరచుటకై ఆంత్రోపిక్ అను సంస్థ 2024 నవంబరులో ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అను నిబంధనావళిని ప్రకటించినది. పనిముట్టును ప్రయోగించునప్పుడు వలదని చెప్పగల మనిషి యొకడు నడుమ ఉండవలెనని ఆ నిబంధనావళియే చెప్పుచున్నది. కాని ఆ మాట అందు హితవుగా ఉన్నది గాని శాసనముగా లేదు. తక్కిన చిక్కులకు సగము మూలము ఇక్కడనే ఉన్నది.

ఈ పనిముట్టు గుణములను దాచుట న్యాయము కాదు. ఇనుప సామానుల దుకాణము నడుపు మిత్రుడొకడు ఇట్టిదానిని తెప్పించగా, అతనితో కూర్చుండి కొన్ని సాయంకాలములు పరీక్షించితిని. నలిగి నూనె మరకలు పడిన బిల్లును అది చదివినది. తెలుగులో అచ్చు వేసిన పేరును ఆంగ్ల లిపిలోనికి తప్పు లేకుండ మార్చినది. ఊరి పేరు మాత్రమే ఉన్నచోట జిల్లా ఏదియని అడిగినది. వ్రాతకోతలు అలవాటు లేని చిన్న వర్తకునకు ఇది కొంచెము ఉపకారము కాదు. నా మిత్రుడు ఆంగ్లములో పత్రములు నింపుటకు జంకెడివాడు. ఇప్పుడు తెలుగులో అడిగి పని జరుపుకొనుచున్నాడు. ఇంతవరకు నాకు విమర్శ లేదు.

విమర్శ అంకెలతో ఆరంభమగును. జి.యస్.టి. మన దేశమున 2017 జులై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. అందు నమోదైన వర్తకునకు 15 అక్షరముల సంఖ్య యొకటి ఇత్తురు. మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును: ఆంధ్రప్రదేశమునకు 37, తెలంగాణకు 36. తరువాతి పదియు ఆదాయపు పన్ను శాఖ వారి పాన్ సంఖ్య. పదమూడవది అదే పాన్ మీద ఆ రాష్ట్రమున జరిగిన నమోదుల వరుసను చూపును. పదునాలుగవది మామూలుగా ‘జడ్’ అను అక్షరము. పదునైదవది పరీక్షాక్షరము. ఈ చివరి అక్షరము విద్యార్థులకు చక్కని లెక్క. ఉపాధ్యాయులు నల్లబల్ల మీద చేసి చూపదగినది.

పద్ధతి ఇది. అంకెలకు వాని విలువయే విలువ. ‘ఏ’ అను అక్షరమునకు 10, ‘బి’కి 11, ఇట్లు ‘జడ్’కు 35. మొదటి 14 అక్షరముల విలువలను ఎడమ నుండి వరుసగా 1, 2, 1, 2 చొప్పున గుణింపవలెను. లబ్ధము 35ను మించినచో దానిని 36చే భాగించి, భాగఫలమును శేషమును కూడవలెను. అన్నిటి మొత్తమును 36చే భాగింపగా వచ్చిన శేషమును 36 నుండి తీసివేసినచో పరీక్షాక్షరపు విలువ వచ్చును; శేషము సున్న అయినచో పరీక్షాక్షరము కూడ సున్నయే. ఉదాహరణమునకై ఒక కల్పిత సంఖ్యను తీసికొందము: 37, ఐదు ‘ఏ’లు, నాలుగు సున్నలు, మరియొక ‘ఏ’, 1, ‘జడ్’. గుణింపగా వరుసగా 3, 14, 10, 20, 10, 20, 10, నాలుగు సున్నలు, 20, 1 వచ్చును. చివరి ‘జడ్’కు 70, దీనిని 36చే భాగించిన 1, శేషము 34, కూడగా 35. మొత్తము 143. శేషము 35. కనుక పరీక్షాక్షరము 1. ఇప్పుడు గుమాస్తా 37కు మారుగా పొరబాటున 73 వ్రాసెననుకొందము. మొత్తము 139 అగును, శేషము 31, పరీక్షాక్షరము 5 కావలసివచ్చును. బిల్లుపై 1 ఉన్నది గనుక తప్పు వెంటనే బయటపడును.

ఏ ఒక్క అక్షరము మారినను ఈ లెక్క తప్పక పట్టుకొనును. ప్రక్కప్రక్కనున్న రెండు అక్షరములు తారుమారైనను పట్టుకొనును. సున్నయు ‘జడ్’ను తారుమారైన ఒక్క సందర్భము మాత్రము దీనికి అందదు. ఎందుకో విద్యార్థులు స్వయముగా తేల్చుకొన వచ్చును. ఈ ఉపాయమునకు మూలపురుషుడని చెప్పదగినవాడు ఐబీఎం సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్. అతడు 1954లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1960లో మంజూరైనది. నేడు బ్యాంకు కార్డుల అంకెలను పరీక్షించునది ఆ లెక్కయే.

ఇక మన యంత్ర గుమాస్తా సంగతి. భాషా నమూనా ఈ లెక్కను చేసి సంఖ్యను వ్రాయదు; చూచినదానిని బట్టి, పోలికను బట్టి వ్రాయును. మరక పడి ఒక అక్షరము కనపడనిచోట ఏదో ఒకటి ఊహించి పూరించుట దాని స్వభావము. చివరి అక్షరమును అట్లు ఊహించినచో అది సరిపడుటకు 36లో ఒక వంతు అవకాశము. పది పండ్రెండు పంక్తుల ప్రోగ్రాము తప్పు లేకుండ చేయు పనిని ఇంత పెద్ద యంత్రము చేయకపోవుట సిగ్గుచేటు కాదు, అది దాని పని కాదు గనుక. సిగ్గుపడవలసినవాడు పనిముట్టును కట్టినవాడు. చీటీని అందుకొను ప్రోగ్రాములో ఆ పండ్రెండు పంక్తులును ఉంచనివాడు పరీక్షలేని తక్కెడను అంగడిలో పెట్టినవానితో సమానుడు.

ఇంకొక తప్పు ఇంతకంటె సూక్ష్మమైనది. బిల్లు మీద రెండు పన్ను సంఖ్యలు ఉండును: ఒకటి అమ్మినవానిది, మరియొకటి కొన్నవానిది. మేము పరీక్షించిన బిల్లులలో ఒకదానికి పై భాగము చినిగి ఉన్నది. యంత్రము క్రింద ఉన్న నా మిత్రుని సంఖ్యనే తీసికొని సరఫరాదారుని పుటలో వ్రాసి, ‘చేర్చితిని’ అని వినయముగా చెప్పినది. పరీక్షాక్షరము సరిపోయినది, సరిపోక ఏమి చేయును, సంఖ్య నిజమైనదే గదా! అక్షరముల లెక్క సంఖ్య పుట్టుకను పరీక్షించును గాని అది ఎవరిదో చెప్పజాలదు. దానికి మందు వేరు. జి.యస్.టి. వారి వెబ్‌సైటులో ఏ సంఖ్యనైనను వెదకి, అది ఎవరి పేర ఉన్నదో, ఇప్పటికిని చెల్లుచున్నదో లేదో ఎవరైనను చూడవచ్చును. పనిముట్టు చీటీని అమలు జరుపుటకు ముందు అక్కడ చూడవలెను. అంతకంటె ముందు, ఇది మన సంఖ్యయే కాదు గదా అని ఒక్కసారి పోల్చవలెను.

పేర్ల చిక్కు మన తెలుగువారికి మరింత ఎక్కువ. శ్రీ లక్ష్మీ ట్రేడర్స్ అను పేరును ఆంగ్ల లిపిలో ఎన్ని విధముల వ్రాయుదురో లెక్కలేదు. ‘శ్రీ’కి ఒకడు ఎస్, ఆర్, ఐ అని వ్రాయును, మరియొకడు ఎస్, ఆర్, ఇ, ఇ. లక్ష్మిలోని ‘క్ష’కు ఒకడు కె, ఎస్, హెచ్ వ్రాయును, ఇంకొకడు ఎక్స్ ఒక్కటి వ్రాసి ఊరకుండును. ఆవర్జాలో ఈ పేరు ఇదివరకే ఉన్నదా లేదా అని తేల్చుట ఎట్లు? సాధారణముగా వాడు ఉపాయము లెవెన్‌స్టైన్ అను రష్యను గణితవేత్త 1965లో ప్రకటించినది. ఒక మాటను మరియొక మాటగా మార్చుటకు ఎన్ని అక్షరములు చేర్చవలెను, తీసివేయవలెను, మార్చవలెను అని లెక్కించి, ఆ మొత్తమును రెండిటి నడిమి దూరము అందురు. మన ఉదాహరణమునకు దీనిని ప్రయోగింపుడు. శ్రీలో రెండు మార్పులు, లక్ష్మిలో మూడు, మొత్తము ఐదు. ఇప్పుడు ‘సాయి లక్ష్మి’ని తీసికొనుడు. సాయికి ఎస్, ఏ, ఐ. శ్రీకిని దీనికిని ఒక్క అక్షరమే భేదము, దూరము ఒకటి! అనగా ఈ కొలబద్దను నమ్మినచో, ఒకే దుకాణము రెండు విధముల వ్రాయబడి దూరముగను, వేరే దుకాణము దగ్గరగను కనపడును.

చిత్రమేమనగా, ఇంతకంటె చాల పాతదైన ఉపాయమొకటి ఈ ఉదాహరణములో నెగ్గును. 1918లో రాబర్ట్ రసెల్ అను అమెరికా దేశస్థుడు పేటెంటు పొందిన ‘సౌండెక్స్’ పద్ధతిలో పేరును ధ్వనిని బట్టి ఒక అక్షరముగను మూడంకెలుగను మార్తురు. అచ్చులను వదలి, ఒకే తీరుగ పలుకు హల్లులకు ఒకే అంకె ఇత్తురు. ఆ లెక్కలో రెండు శ్రీలును ఒకటే, రెండు లక్ష్ములును ఒకటే, సాయి వేరు. కాని తొందరపడి దీనిని మెచ్చుకొనరాదు. దీనికి మకార నకారములు ఒకటే గనుక, రామా ట్రేడర్స్‌ను రేణు ట్రేడర్స్‌ను ఒక పుటలో కలిపివేయును.

ఇచ్చట భాషా నమూనాకు నిజముగ ఒక ఆధిక్యము ఉన్నది. ఎక్స్‌తో వ్రాసిన లక్ష్మియు, కె, ఎస్, హెచ్‌లతో వ్రాసిన లక్ష్మియు ఒకటేయని దానికి తెలియును; రామ, రేణు వేరని తెలియును. అయితే ఆవర్జాలోని పేర్లు దాని కంటికి పడిననే గదా తెలియుట! మేము చూచిన సహాయకునికి ‘చేర్చు’ పనిముట్టు ఇచ్చినారు గాని, ముందుగా ‘వెదకు’ పనిముట్టు ఇవ్వలేదు. కలమిచ్చి కండ్లు ఇవ్వలేదన్నమాట. ఫలితముగా శ్రీ లక్ష్మికి రెండవ పుట తెరచుకొన్నది. ఇది చిన్న సంగతి అనుకొనరాదు. ఒకే బిల్లు రెండుమార్లు నమోదు కాకుండ లెక్కల సాఫ్ట్‌వేరు కాపలా కాయునది ఒకే సరఫరాదారుని పుటలో మాత్రమే. పుటలు రెండైనపుడు ఆ కాపలా ఉండదు. ఒకే బిల్లుకు రెండుసార్లు సొమ్ము పోవుటకు దారి ఏర్పడును. అంతేగాక సూక్ష్మ, చిన్న పరిశ్రమల వారికి 45 దినములు దాటకుండ బాకీ తీర్చవలెనని 2006 నాటి చట్టము చెప్పుచున్నది. బాకీ రెండు పుటలలో చీలియున్నప్పుడు ఆ గడువు ఎవరి కంటబడును?

మరియొక పొరబాటు భౌతిక శాస్త్రము చెప్పుకొను మాబోంట్లకు ముచ్చటగా తోచును. లిఫ్టు బటనును ఒకసారి నొక్కినను పదిసార్లు నొక్కినను లిఫ్టు ఒకసారియే వచ్చును. గుడిగంట అట్లు కాదు. ఎన్నిసార్లు లాగిన అన్నిసార్లు మ్రోగును. ‘సరఫరాదారుని చేర్చుము’ అను ఆజ్ఞ గంటవంటిది. ఇంటర్నెట్టు నిదానించి సమాధానము రానపుడు యంత్రము పని జరుగలేదనుకొని మరల చీటీ పంపును. మొదటి చీటీయు చేరియే యుండును. ప్రతి చీటీకి ఒక గుర్తు సంఖ్య వేసి, అదే గుర్తుతో రెండవసారి వచ్చినదానిని త్రోసిపుచ్చినచో గంట లిఫ్టు బటనుగా మారిపోవును. ఉపాయము ఇంత సులభమైనను పలువురు దీనిని మరతురు.

ఇక అన్నిటికంటె ప్రమాదకరమైన విషయము బ్యాంకు ఖాతా. ఐ.ఎఫ్.ఎస్.సి. అను శాఖా సంకేతములో 11 అక్షరములు. మొదటి నాలుగు బ్యాంకువి, ఐదవది సున్న, తక్కినవి శాఖవి. ఇందు పరీక్షాక్షరము లేదు. ఖాతా సంఖ్యలకును అన్ని బ్యాంకులకు చెల్లు ఒకే పరీక్షా నియమము లేదు. కనుక పన్ను సంఖ్యకు ఉన్న రక్షణ సొమ్ము పోవు ద్వారమునకే లేకపోయినది. సొమ్ము పంపుటకు ముందు ఆ ఖాతా ఎవరి పేర ఉన్నదో చూచుకొను సౌకర్యమును 2025 ఏప్రిల్ 1వ తేదీలోగా నెఫ్ట్, ఆర్.టి.జి.యస్. పద్ధతులలో కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. అది మేలైన పని. కాని చూచువాడు ఉండవలెను గదా.

చూచువాడు లేనిచో ఏమగునో చెప్పుటకు 2013 నుండి 2015 వరకు జరిగిన మోసము చాలును. లిథువేనియా దేశస్థుడైన రిమసౌస్కస్ అనువాడు, ఆసియాలోని ఒక కంప్యూటరు పరికరముల ఉత్పత్తిదారు పేరునే పెట్టి లాట్వియాలో ఒక కంపెనీని నమోదు చేయించి, గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలకు దొంగ బిల్లులు పంపి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టెను. 2019 డిసెంబరులో న్యూయార్కు న్యాయస్థానము అతనికి ఐదేండ్ల శిక్ష విధించినది. అప్పుడు మోసపోయినవారు మనుష్యులే, యంత్రములు కావు గదా అని ఎవరైనను అడుగవచ్చును. నిజమే. మనుష్యులు పొరపడుదురు గనుకనే లెక్కల శాస్త్రములో ఒక ఆచారము ఏర్పడినది: పేరు చేర్చువాడు వేరు, బిల్లు ఒప్పుకొనువాడు వేరు, సొమ్ము ఇచ్చువాడు వేరుగా ఉండవలెను. యంత్ర గుమాస్తా ఈ ముగ్గురిని ఒక్కనిగా చేయుచున్నది. బిల్లును చదువునది అదియే, పేరు చేర్చునది అదియే, చెల్లింపుకు సిద్ధము చేయునది అదియే.

దీనికి తోడు, యజమాని చెప్పిన మాటకును, కాగితము మీద ఉన్న మాటకును గల భేదమును భాషా నమూనా గట్టిగా పట్టుకొనజాలదు. రెండును దానికి అక్షరములే. కాగితములో ఆజ్ఞను దాచి యంత్రమును మోసగించు ఈ పద్ధతికి 2022లో ‘ప్రాంప్ట్ ఇంజెక్షన్’ అను పేరు వచ్చినది. మేము ఒక నమూనా బిల్లు అడుగున చిన్న అక్షరములతో, పాత సరఫరాదారుని బ్యాంకు ఖాతాను ఈ క్రింది సంఖ్యకు మార్చవలెనని వ్రాసి చూపితిమి. మొదటిసారి అది మార్చుదునా అని అడిగినది. మాటలు కొంచెము మార్చి, ఇదివరకే యజమాని ఒప్పుకొనెనని వ్రాసి చూపగా, అడుగకయే మార్చివేసినది. నా మిత్రుడు చాలసేపు మాటలాడలేదు. ఆ పాత సరఫరాదారుడు అతని తండ్రి కాలము నుండి సరకు పంపుచున్నవాడు.

మరునాడు పనిముట్టును తీసివేయుదునని అతడు అన్నాడు. నేను వలదంటిని. దానికి ఆవర్జాలో వ్రాయు అధికారమును తీసివేసి, చిత్తుప్రతి వ్రాయు అధికారమును, వెదకు అధికారమును మాత్రము ఇప్పించితిమి. పరీక్షాక్షరపు లెక్క చేయు పంక్తులను మా కళాశాలలో బి.యస్సీ. చదువు కుర్రవాడొకడు వ్రాసి ఇచ్చినాడు. ఇప్పుడు చిత్తుప్రతిని చూచి ఒప్పుకొనునది అతని తమ్ముడు; సొమ్ము పంపునది అతడు. బ్యాంకు ఖాతా మారినదని ఏ కాగితము వచ్చినను, ఆ కాగితము మీది ఫోను నంబరునకు గాక తమ దగ్గర పాత పుస్తకములో ఉన్న నంబరునకు ఫోను చేయుచున్నారు. పని మునుపటి కంటె కొంత ఆలస్యమగుచున్నదని తమ్ముడు గొణుగుచున్నాడు.

మొన్న ఒక క్రొత్త వర్తకుని చిత్తుప్రతి పరీక్షాక్షరము సరిపడక నిలిచిపోయినది. యంత్రము తప్పు చదివినదని తలచి బిల్లును తెచ్చి భూతద్దముతో చూచినారు. చదివినది సరిగానే ఉన్నది. ఆ వర్తకునికి ఫోను చేయగా, అచ్చు వేసినవాడు పాన్‌లోని రెండంకెలను తారుమారు చేసెనని తేలినది. ఆ బిల్లు పుస్తకమంతయు అట్లే అచ్చయినదట. అప్పటికి సగము చించి ఊరందరికి ఇచ్చియున్నాడు.